మధ్య గీత

రన్‌వే మధ్య గీతకి రంగు వేసే మనిషిని ఎవరూ పట్టించుకోరు. గీత వంకరగా ఉంటే తిడతారు, తిన్నగా ఉంటే ఆ ఊసే ఎత్తరు. ఎవరూ ఊసెత్తని ఆ పనిని ఇరవై రెండేళ్ళుగా ఆ చిన్న విమానాశ్రయంలో చేస్తున్న ఆవిడని అందరూ రంగుల పిన్ని అంటారు. ఆవిడ గీతకి వంక పెట్టినవాడు లేడు. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువే తెలుసు.

బుధవారం పొద్దున్నే పని మొదలైంది. సుద్దపొడి రుద్దిన తాడుని ఆ కొసన మరిది, ఈ కొసన ఆవిడ బిగలాగి పట్టుకున్నారు. ఆవిడ వేళ్ళతో తాడుని పైకి లాగి వదిలింది. పాత గీత అంచు మీద తెల్లటి గుర్తు పడింది. ఆ గుర్తు వెంబడి రంగు బండి తోసుకుంటూ పోవాలి. ముప్పై మీటర్ల గీత, ఇరవై మీటర్ల ఖాళీ, మళ్ళీ గీత. అలా ముప్పై ఆరు.

"వదినా, నీ పాత గీత గీతలానే ఉంది. దాని మీద మళ్ళీ తాడెందుకు?" అన్నాడు మరిది. అతను కాంట్రాక్టు పనిలోకి వచ్చి మూడేళ్ళయింది, సణుగుడు మాత్రం పుట్టినప్పటి నుంచీ ఉంది.

"మీ అన్నయ్య గడ్డం కూడా గడ్డంలానే ఉంటుంది. రోజూ గీసుకోవడం లేదూ?"

"ఏనుగు వచ్చి నీ గీత చూసి మురిసిపోతుందంటావు."

ఏనుగంటే విమానం. నాలుగు ఇంజన్ల జంబో జెట్. ముప్పై ఏళ్ళు తిరిగి రిటైరైన ఆ విమానాన్ని కొని, రన్‌వే పక్క పొలంలో మ్యూజియంగా నిలబెట్టబోతున్నారు. ఆదివారం పొద్దున దాన్ని ఇక్కడే దింపాలి. ఇప్పటిదాకా ఇక్కడ దిగిన వాటిలో అతి పెద్దది ఇరవై మంది కూర్చునే విమానం. అందుకే ఊరంతా నోరు తెరుచుకుని ఎదురు చూస్తోంది. రంగుల పిన్నికైతే ఆదివారం మీద ఇంకో ఆశ కూడా ఉంది. ఆ రోజు స్టేజీ మీద ఆవిడకి పర్మనెంటు ఆర్డరు చేతికిస్తానని మేనేజరు మాటిచ్చాడు. ఇరవై రెండేళ్ళ కాంట్రాక్టు బతుకు ఆదివారంతో ఆఖరు.

పది గంటలకి విమానం నడిపే కెప్టెన్ వచ్చాడు. తల నెరిసిన మనిషి. విమానంతో పాటే ఆయన కూడా రిటైరవుతున్నాడట. జీపు వద్దని రన్‌వే ఈ చివర నుంచి ఆ చివరకి చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. కనపడ్డ ప్రతి గులకరాయినీ వంగి తీసి జేబులో వేసుకున్నాడు. రంగు బండి దగ్గరికి వచ్చేసరికి జేబు బరువుకి ప్యాంటు ఒక పక్కకి వాలింది.

"ఈ గీత మీరే వేస్తారామ్మా?"

"నేనే సార్."

"సరిగ్గా మధ్యలో ఉందా?"

"మధ్యలోనే ఉంది సార్," అంది రంగుల పిన్ని, బొట్టు సరిగ్గా ఉందా అని అడిగితే అన్నంత తేలిగ్గా.

ఆయన సంతోషపడి, ఆవిడ సుద్దముక్క అడిగి తీసుకుని, తారు మీద గొంతుక్కూర్చుని బొమ్మ గీశాడు. "మీ రన్‌వే వెడల్పు ముప్పై మీటర్లు. గీతకి ఇటు పదిహేను, అటు పదిహేను. ఇవిగో, ఈ బయటి ఇంజన్లు రెండూ గీతకి ఇరవై ఒక్క మీటర్ల దూరం. అంటే గడ్డి మీద ఉంటాయి. వాటితో నాకు పని లేదు, చక్రాలు నేలని తాకగానే ఊరుకోబెడతాను. లోపలివి రెండూ పన్నెండు మీటర్ల దగ్గర, తారు మీదే ఉంటాయి. మీ రన్‌వే పొట్టిది కదా, బ్రేకులొక్కటే చాలవు. ఈ రెండింటి గాలిని ముందుకి తిప్పి విమానాన్ని ఆపాలి."

"అందులో ఒకటి గడ్డి మీదికి పోతేనో సార్?" అన్నాడు మరిది.

"మట్టీ రాళ్ళూ లేపి తనే మింగుతుంది. ఒక పక్క ఇంజను పోయి రెండోది పని చేస్తుంటే విమానం గిర్రున తిరుగుతుంది." ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు. "నేను కూర్చునేది మూడో అంతస్తు ఎత్తులో. అక్కడి నుంచి రన్‌వే అంచులు సరిగ్గా కనపడవు. మీ గీతని నమ్ముకునే దిగుతాం, నేనూ ఇంకో ఇద్దరూ."

ఆ మాటకి రంగుల పిన్ని పొంగిపోవాలి. మరిది పొంగిపోయాడు కూడా. కానీ 'ఇటు పదిహేను, అటు పదిహేను' అన్న మాట ఆవిడ మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఆ లెక్క ఇంతకు ముందొకసారి విన్నదే.

రెండేళ్ళ కిందట ఊళ్ళో హైస్కూలు లెక్కల టీచరు ఆదివారాలు ఇక్కడ విమానం నడపడం నేర్చుకునేది. ఒకరోజు తుంపరలో దిగుతూ ఆవిడ చిన్న విమానం ఎడమ పక్కకి జారి, తారు దాటి గడ్డిలో దిగబడింది. ముందు చక్రం విరిగింది. ఎంక్వైరీలో ఆవిడ ఒక్కటే మాట పట్టుకుంది. "చక్రం గుర్తు నేనే కొలిచాను. గీతకి పదమూడు మీటర్ల దగ్గరే తారు అయిపోయింది. పదిహేను దాకా తారు ఉండాలి కదా?" మేనేజరు టేబుల్ మీద డ్రాయింగు పరిచాడు. డ్రాయింగులో పదిహేనే ఉంది. లెక్కల టీచరుకే లెక్క తప్పిందని అందరూ నవ్వారు. రంగు జారుడుగా ఉందేమో చెప్పమని రంగుల పిన్నిని కూడా పిలిచారు. "గీతలో ఏ లోపమూ లేదండీ" అని చెప్పి వచ్చేసింది ఆవిడ. టీచరు ట్రైనింగు అక్కడితో ఆగిపోయింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక రంగుల పిన్ని పొడుగు టేపు తీసింది.

"తిండి తినకుండా ఇప్పుడేంటి వదినా?"

"ఆ కొస పట్టుకో. మాట్లాడకు."

ఎడమ పక్క కొలిచింది. పదమూడు. టేపు వంకర పోయిందేమోనని మళ్ళీ కొలిచింది. పదమూడే. కుడి పక్క కొలిచింది. పదిహేడు. ఇంకో రెండు చోట్ల కొలిచినా అంతే.

పదకొండేళ్ళ కిందట రన్‌వేని నాలుగు మీటర్లు వెడల్పు చేశారు. ఎడమ పక్క మురుగు కాలువ అడ్డమని నాలుగూ కుడి పక్కనే కలిపి, రెండు కొసలూ తప్ప అంతటా కొత్త తారు పోశారు. అంచుల నుంచి కొలిచి కొత్త గీత వెయ్యమన్నాడు అప్పటి సూపర్‌వైజరు. ఆ రోజు మబ్బు ముంచుకొస్తోంది. రన్‌వే రెండు చివర్లా తారు పడని చోట పాత గీత ముక్కలు కనపడుతున్నాయి. ఆ ముక్క నుంచి ఈ ముక్కకి తాడు కట్టి, చినుకు పడేలోపు పని ముగించింది ఆవిడ. "కొలిచావా?" అన్నాడు సూపర్‌వైజరు. "కొలిచాను" అంది. అంతే. అప్పటి నుంచీ ఏడాదికొకసారి దాని మీదే రంగు వేస్తోంది.

"ఎవరికీ చెప్పకు," అన్నాడు మరిది. అతని మొహంలో సణుగుడు లేదు, భయం ఉంది. "పదకొండేళ్ళలో ఈ గీత వల్ల ఒక్క విమానం పడిందా?"

"ఒకటి పడింది," అంది రంగుల పిన్ని.

గురువారం పొద్దున మేనేజరు గది బయట గంటసేపు నిలబడి లోపలికెళ్ళింది. ఆయన స్టేజీ మీద కుర్చీలు ఎవరి పక్కన ఎవరివో కాగితం మీద రాసుకుంటున్నాడు. అంతా విని టేబుల్ అద్దం కింద ఉన్న డ్రాయింగు మీద వేలు పెట్టాడు. "ఇదిగో, పదిహేను."

"నేల మీద పదమూడే ఉంది సార్. ఒక్కసారి వచ్చి చూడండి."

"నేను రాను పిన్నీ." ఆయన నిజాయితీగానే అన్నాడు. "వస్తే చూడాలి. చూస్తే రాయాలి. రాస్తే ఆ విమానం ఇటు రాదు. పక్క ఊరివాళ్ళు దాని కోసం కాచుక్కూర్చున్నారు. అయినా రెండు మీటర్లేగా?"

"కెప్టెన్ గారికి మిగిలేది ఒక్క మీటరు సార్. గాలి కాస్త తోసిందంటే లోపలి ఇంజను గడ్డి మీదికి పోతుంది."

ఆయన కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. "నీ ఆర్డరు ఇక్కడే ఉంది. 'పనిలో ఏ లోపమూ లేదు' అని నేను రాసి సంతకం పెట్టాలి. నువ్వే వచ్చి లోపం ఉందంటే నేనేం రాయను చెప్పు? వెళ్ళు, వెళ్ళి పని చూసుకో. నువ్వు రాలేదు, నేను వినలేదు."

నోరు మూసుకోమని ఆయన అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా చూసుకున్నాడు.

రంగుల పిన్ని పనిలోకి వెళ్ళింది గానీ బండి తొయ్యలేదు. రంగు చిమ్మే నాజిల్ విప్పి కడిగింది, కడిగినదాన్నే మళ్ళీ కడిగింది. సాయంత్రం ఇంటికి పోకుండా ఊళ్ళోకి వెళ్ళి లెక్కల టీచరు ఇంటి మెట్లెక్కింది. ఎందుకెక్కుతోందో ఆవిడకే సరిగ్గా తెలీదు. ముందు ఎవరి దగ్గర తల దించుకోవాలో మాత్రం తెలుసు.

టీచరు తలుపు తీసింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. చేతిలో ఎర్ర పెన్ను, లోపల టేబుల్ మీద నోటు పుస్తకాల దొంతర. కూర్చోమంది. రంగుల పిన్ని కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది. మబ్బు సంగతి చెప్పింది, "కొలిచాను" అన్న అబద్ధం సంగతి చెప్పింది, ఎంక్వైరీలో లోపం లేదన్న సంగతీ చెప్పింది.

టీచరు ఎర్ర పెన్ను పుస్తకాల దొంతర మీద పెట్టింది.

"రెండేళ్ళు," అంది. "రెండేళ్ళుగా బోర్డు మీద చిన్న కూడిక వేసినా రెండుసార్లు చూసుకుంటున్నాను. నాకే తప్పిందేమో, నా చెయ్యే తప్పిందేమో అని. క్లాసులో పిల్లలు నవ్వుకుంటారు, మా టీచరుకి అనుమానం జబ్బని."

"క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు."

"ఆ కెప్టెన్‌కి చెప్పారా?"

రంగుల పిన్ని తల అడ్డంగా ఊపింది.

"మరి నాకెందుకు చెబుతున్నారు? ఆ విమానాన్ని దింపేది నేనా?" టీచరు తలుపు వైపు చెయ్యి చూపింది. "వెళ్ళండి. దయచేసి వెళ్ళండి."

తలుపు మూసుకుంది. గట్టిగా వెయ్యలేదు, మెల్లగానే వేసింది. అలా మెల్లగా వేసినందుకే రంగుల పిన్నికి మరీ సిగ్గేసింది.

శుక్రవారం పొద్దున కెప్టెన్ విమానం తేవడానికి బయలుదేరుతున్నాడు. మేనేజరు స్వయంగా ఆయన సంచి కారులో పెడుతున్నాడు. రంగుల పిన్ని టేపు చేత్తో పట్టుకుని ఎదురుగా వెళ్ళి నిలబడింది. మేనేజరు కళ్ళతోనే వద్దన్నాడు. ఆవిడ అటు చూడలేదు.

"సార్, గీత మధ్యలో లేదు. రెండు మీటర్లు ఎడమకి ఉంది. తప్పు నాది."

కెప్టెన్ సంచి కిందికి దింపించాడు. ఏమీ అడగకుండా రన్‌వే మీదికి నడిచి, టేపు తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని తనే కొలిచాడు. పదమూడు. లేచి ప్యాంటుకి అంటిన తెల్లటి పొడి చూసుకున్నాడు.

"మొన్న మధ్యలోనే ఉందన్నారు."

"అప్పటికి కొలవలేదు సార్. నోటికి అలవాటై అనేశాను. తెలిసి రెండు రోజులైంది."

"రెండు రోజులా!" ఆయన మొహం ఎర్రబడింది. రన్‌వే పొడుగునా ఒకసారి చూసి, "జరపగలరా?" అన్నాడు.

"ముప్పై ఆరు గీతలు. పాతవి గీకెయ్యాలి, నల్ల రంగు పూసి కప్పేస్తే జారుతుంది. కొలవాలి, వెయ్యాలి, ఆరాలి. మనుషులుంటే రేపు సాయంత్రానికి అవుతుంది సార్."

"రెండు చివర్లా పెద్దగా రాసి ఉన్న రన్‌వే నంబర్లు వదిలెయ్యండి. నాకు గీత చాలు. రేపు ఆరింటికి ఫోన్ చేస్తాను. మీకే చేస్తాను, ఆఫీసుకి కాదు. కొలత సరిపోతే విమానం తెస్తాను, లేదంటే లేదు."

కారు వెళ్ళాక మేనేజరు ఆవిడ వైపు తిరిగాడు. "ఇక నేను రాయక తప్పదు పిన్నీ."

"రాయండి సార్. నా పేరే రాయండి."

"నీ పేరొక్కటి రాస్తే సరిపోతుందా? డ్రాయింగు కింద సంతకం నాది," అన్నాడు ఆయన విసుగ్గా. కానీ ఆ విసుగు ఆవిడ మీద కాదు. పావుగంటలో ఫైరింజను వాళ్ళని నలుగురిని గీకే మిషన్లిచ్చి రన్‌వే మీదికి పంపించాడు.

గీకడమంటే మాటలు కాదు. పదకొండు పూతల రంగు, పొర మీద పొర. ఒక్కో పూతా ఒక్కో ఏడాది. మిషను కింద అది బిళ్ళలు బిళ్ళలుగా లేచి మొహాన కొడుతోంది. ఎవరి రెప్పలు చూసినా తెల్లగానే ఉన్నాయి. మరిది సణగడం మానేసి పని చేశాడు. అది చూసి అందరూ భయపడ్డారు. రంగుల పిన్ని రెండు అంచుల నుంచీ టేపు లాగి, మధ్యన మేకు కొట్టి, మేకు నుంచి మేకుకి తాడు కట్టింది. చీకటి పడేసరికి పాత గీతలు మొత్తం పోయి, కొత్తవి ఎనిమిది పడ్డాయి.

శనివారం పొద్దున గేటు దగ్గర లెక్కల టీచరు కనపడింది. భుజాన సంచి, చేతిలో సొంత టేపు. రంగుల పిన్నిని పలకరించలేదు. తిన్నగా మరిది దగ్గరికి వెళ్ళి, "ఈ కొస పట్టుకోండి" అంది. మొదటి గీత నుంచి ఎడమకి, కుడికి కొలిచి నోటు పుస్తకంలో రాసుకుంది. తర్వాత రెండోది.

"టీచరమ్మా, తప్పొస్తే బెంచీ ఎక్కిస్తారా?" అన్నాడు మరిది ఉండబట్టలేక.

"ముందు మీ వదిన ఎక్కాలి," అంది టీచరు తలెత్తకుండా.

రంగుల పిన్ని వినీ విననట్టు రంగు బండి తోసుకుంటూ పోయింది. ముందు ఆవిడ, వెనక టేపుతో టీచరు. ఎండ మాడ్చేస్తోంది. పంతొమ్మిదో గీత దగ్గర టీచరు ఆగింది. "నాలుగు సెంటీమీటర్లు ఎడమకి పోయింది." నాలుగు సెంటీమీటర్లు ఏ విమానానికీ ఒక లెక్క కాదు. ఆ మాట ఇద్దరికీ తెలుసు. రంగుల పిన్ని మారు మాట్లాడకుండా బండి తిప్పుకొచ్చి, తడి రంగుని గుడ్డతో తుడిచి, మేకు పీకి మళ్ళీ కొట్టింది. టీచరు మళ్ళీ కొలిచి, తల ఊపి, తన నీళ్ళ సీసా ఆవిడకి అందించింది.

ఆఖరి గీత మీద, వెలుతురికి మెరవడానికి, గాజుపూసల పొడి చల్లేసరికి ఐదున్నర. సరిగ్గా ఆరింటికి రంగుల పిన్ని ఫోను మోగింది.

"మధ్యలోనే ఉందా అమ్మా?" అన్నాడు కెప్టెన్.

"నేను చెప్పను సార్. కొలిచినావిడ చెబుతారు," అని ఫోను టీచరు చేతికిచ్చింది.

టీచరు ఒక క్షణం ఆ ఫోను వంక చూసి చెవి దగ్గర పెట్టుకుంది. "ఇటు పదిహేను, అటు పదిహేను. ముప్పై ఆరు చోట్లా కొలిచాను సార్." అవతల ఏదో అడిగారు. "లేదు సార్, లెక్క తప్పలేదు," అంది టీచరు.

ఆదివారం ఊరంతా కంచె పట్టుకుని వేలాడింది. ముందు ఒక చుక్క కనపడింది. ఎంతసేపటికీ అది కదులుతున్నట్టే లేదు. ఉన్నట్టుండి రెక్కలొచ్చాయి, నాలుగు ఇంజన్లొచ్చాయి, చప్పుడొచ్చింది. ఇంత బరువు అంత నెమ్మదిగా గాల్లో ఎలా ఉంటుందని అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. రంగుల పిన్ని విమానాన్ని చూడలేదు. ముందు చక్రాలనే చూసింది. వెనక చక్రాలు తారుని తాకి పొగ లేచింది. ముక్కు మెల్లగా వాలింది. ముందు చక్రాలు కొత్త గీత మీద వాలాయి. లోపలి ఇంజన్లు ఒక్కసారిగా గర్జించాయి. రెండు పక్కలా గడ్డి నేలకి అతుక్కుపోయింది, దుమ్ము గోడలా లేచింది. అదే సమయంలో పక్క నుంచి ఒక గాలి విసురు వచ్చి విమానాన్ని ఎడమకి నెట్టింది. కంచె దగ్గర ఎవరో కెవ్వుమన్నారు. విమానం అలాగే ఎడమకి జరిగి పరిగెత్తి, మళ్ళీ గీత మీదికి వచ్చి, రన్‌వే చివర ఇంకా కాస్త తారు మిగిలి ఉండగా ఆగింది.

ఈలలు, కేకలు, చప్పట్లు. అందరూ అటు పరిగెత్తారు. రంగుల పిన్ని మాత్రం గాలి కొట్టిన చోటికి పోయింది. చక్రాల నల్లటి చారలు ఎడమకి వంగిన చోట, చారల మధ్య నుంచి పన్నెండు మీటర్లు కొలిచి సుద్దతో గుర్తు పెట్టింది. ఇంజను పోయిన దారి అది. అక్కడి నుంచి తారు అంచుకి మీటరు మిగిలింది. పాత గీత మీద దిగి ఉంటే ఆ ఇంజను గడ్డి మీదికి మీటరు లోపలికి పోయేది. ఆవిడ టేపు పక్కన పెట్టింది. వేడి తారు మీదే కూర్చుండిపోయింది.

టీచరు వచ్చి పక్కన నిలబడి ఆ సుద్ద గుర్తు చూసింది. లెక్క ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మేనేజరు వచ్చాడు. కొత్త కోటు, నుదుటి మీద చెమట. స్టేజీ మీదికి వెళ్ళే ముందే చెప్పేద్దామనుకున్నట్టున్నాడు. "ఆర్డరు ఆగిపోయింది పిన్నీ. బుధవారం పదింటికి ఎంక్వైరీ. పైవాళ్ళు వస్తారు. ముందు నిన్ను పిలుస్తారు, తర్వాత నన్ను. ఏమవుతుందో నాకూ తెలీదు." తర్వాత టీచరు వైపు తిరిగాడు, ఆవిడ కళ్ళలోకి మాత్రం చూడలేకపోయాడు. "మీ పాత ఫైలు కూడా తెరుస్తున్నారండీ. మీరు రానక్కర్లేదు. ఒక ఉత్తరం రాసిస్తే చాలన్నారు. మీ లెక్క సరైనదేనని నేనే రాశాను."

ఆయన వెళ్ళిపోయాడు. స్టేజీ మీద మైకు గరగరలాడుతోంది. మరిది పరిగెత్తుకొచ్చి, వదిన పక్కన పడున్న టేపు చుట్టడం మొదలుపెట్టాడు.

"బుధవారం పదింటికి కదూ?" అంది టీచరు. "స్కూలుకి సెలవు పెడతాను."

"మీరెందుకు టీచరుగారూ? మీరు రానక్కర్లేదన్నారుగా."

"నా ఫైలు కోసం కాదు. మీ కోసం." టీచరు ఆవిడ పక్కనే తారు మీద కూర్చుంది. "ఆ గదిలో అటు ఐదుగురు కూర్చుంటారు. ఇటు ఒక్కళ్ళే ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు."

విమానం దిగినప్పుడు రాని ఏడుపు రంగుల పిన్నికి అప్పుడొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరు చూస్తే ఏమని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.